ఉత్తరాన బందెల దొడ్డి

మా ఇంట్లో మగవాళ్ళ పేరున ఇల్లు రాయడం ఆనవాయితీ లేదు. ఎవరో పెట్టిన నియమం కాదిది, అనుభవం మీద కుదిరింది. మా అత్తగారు మహలక్ష్మమ్మకు ఆవిడ అత్తగారు రాసింది. ఆవిడ నాకు రాసింది, 1964లో, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. మా ఆయన చెడ్డవాడు కాదు, ఎవరేం అడిగినా కాదనలేని మనిషి. అలాంటివాడి పేరున ఇల్లుంటే అది ఊళ్ళో అందరిదీ అవుతుంది, మనది తప్ప. అందుకని మా అత్తగారు కొడుకుని వంకాయల కోసం సంతకు పంపి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళింది. అప్పట్లో ఆ ఆఫీసు తాలూకా ఊళ్ళో ఉండేది. సాయంత్రానికి ఆయన వంకాయలు తెచ్చాడు. ఇల్లు నాదైంది. ఆ పూట కూర కూడా బాగా కుదిరింది.

ఇప్పుడు నాకు ఎనభై. మా అబ్బాయి వెంకన్నబాబుది అచ్చంగా తండ్రి పోలికే. అడిగేవాళ్ళే మారారు. ఈమధ్య ఒక బిల్డరు అడుగుతున్నాడు. మా పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపుతాడట, మాకు నాలుగో అంతస్తులో రెండు ఫ్లాట్లు ఇస్తాడట. దీన్ని డెవలప్‌మెంటు అగ్రిమెంటు అంటారు. డెవలప్‌మెంటు ఆయనకి, అగ్రిమెంటు మనకి. మా కోడలు మంగతాయారు వీధి అరుగు మీద మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. ఇల్లు నడిచేది దాని కాలి మీదే. జాకెట్టు కొలతలివ్వడానికి నాలుగో అంతస్తుకి ఎవరెక్కుతారు?

వెంకన్న రోజూ సాయంత్రం కాగితం పట్టుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుంటాడు. "ఒక్క సంతకం అమ్మా" అంటాడు. నేను కుదరదంటాను. కానీ ఎన్నాళ్ళని అనగలను? తిరుగుతున్నంత కాలం నా వేలు నాది. పడకేస్తే పక్కన కూర్చున్నవాడిది. అందుకే ఒంట్లో ఓపిక ఉండగానే ఇల్లు మంగ పేరున పెట్టేయాలని, ఒకరోజు దస్తావేజులు రాసే శేషావతారం గారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"వీలునామా రాయమంటారా, దానపత్రమా సూరాయమ్మ గారండీ?" అన్నాడాయన కళ్ళజోడు పైకి తోసి.

"తేడా ఏంటండి?"

"వీలునామా అయితే మీరు పోయాక అమల్లోకి వత్తాదండి. ఈలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానపత్రం అయితే రిజిస్ట్రీ అయిన రోజునుంచే మీ కోడలిదండి."

"నేను పోయాక వీళ్ళిద్దరూ కోర్టులో కొట్టుకుంటుంటే నాకు వినపడి చావదు కదండీ. దానపత్రమే రాయండి. ఎవరు ఎవర్ని ఏమంటారో నా చెవులతో ఇని పోతాను."

ఆయన పాత దస్తావేజు తెమ్మన్నాడు. దాన్ని లింకు డాక్యుమెంటు అంటారు. ఈ ఇల్లు మనకెలా వచ్చిందో చెప్పేది అదే. ఈసీ అని మరొకటి తీయించాడు. ఇంతకుముందు ఎక్కడైనా తాకట్టులో ఉందా, ఎవరితోనైనా ఒప్పందం నడిచిందా అని పెళ్ళికి ముందు పిల్ల సంగతి నాలుగు వీధుల అవతల వాకబు చేస్తాం చూడండి, ఇంటికి ఆ వాకబే ఈసీ. మా ఇల్లు నిప్పులాంటిది. అరవై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదు.

అప్పుడు చెక్కుబందీ చదివాడు. చెక్కుబందీ అంటే మన స్థలానికి నాలుగు దిక్కులా ఏమున్నదో రాసుకోవడం. పూర్వం సర్వే నంబర్లు ఎవరికి గుర్తుంటాయి? పక్కింటివాడయితే గుర్తుంటాడు. మా దస్తావేజులో ఇలా ఉంది:

తూర్పు: యర్రంశెట్టి గంగరాజు గారి గేదెల పాక. దక్షిణం: ఎడ్లబండ్లు తిరుగు పుంత. పడమర: మట్టా సూరన్న గారి పెంటకుప్ప. ఉత్తరం: సర్కారు వారి బందెల దొడ్డి.

గంగరాజు గారి పాక స్థానంలో ఇప్పుడు ఆయన మనవడు దుర్గబాబు సెల్‌ఫోన్ల కొట్టుంది. పుంత సిమెంటు రోడ్డయింది. సూరన్న గారి పెంటకుప్ప మీద ఆయన మనవరాలు హైమావతి బ్యూటీ పార్లరు కట్టుకుంది. ఇక బందెల దొడ్డి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. ఊరి మీద పడి చేలు మేసిన పశువులను పట్టుకొచ్చి కట్టేసేవారు, జుల్మానా కట్టి విడిపించుకోవాలి. ఆ దొడ్డి ఎక్కడుందో శేషావతారం గారికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పాత చెక్కుబందీ తీసేసి ఇప్పుడున్నది రాసెయ్యండి" అన్నాను.

"అదే వచ్చిందండి చిక్కు. యథాతథ సరిహద్దు నిబంధన అని కొత్తది పెట్టారు."

మా బొబ్బర్లపాలెం రిజిస్ట్రారు ఆఫీసు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. గోడ ఒక్కటే. అక్కడ ఎవరు తుమ్మినా మా వంటింట్లో చిరంజీవ అంటాం. కొత్తగా వచ్చిన సబ్ రిజిస్ట్రారు నిరంజన్ గారికి ముప్పయి అయిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మెళ్ళో తాడు, తాడుకి కార్డు. లంచం అన్న మాట వింటే చెవులు మూసుకుంటాడని చెప్పుకునేవారు. అలాంటివాళ్ళతోనే భయం. లంచగొండితో అయితే ఎంతలో పోతుందో తెలుస్తుంది.

"మామ్మగారూ, కూర్చోండి" అన్నాడు మర్యాదగా. "మోసపూరిత దస్తావేజులను సమూలంగా అరికట్టే ఉద్దేశంతో ప్రవేశపెట్టబడిన నిబంధన ఇది. ఒకటి, కొత్త దస్తావేజులోని చెక్కుబందీ లింకు డాక్యుమెంటుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవలెను. రెండు, సదరు చతుస్సరిహద్దులు క్షేత్రస్థాయిలో అగుపించవలెను. సరిహద్దు దర్శిని అనే యాప్ ద్వారా నాలుగు దిక్కులా ఫోటోలు తీసి ఎక్కించాలి. కంప్యూటరు పోల్చి చూస్తుంది. తొంభై శాతం పోలిక రావలెను."

"అరవై ఏళ్ళ నాటివి ఇప్పుడెందుకుంటాయండి బాబూ?"

"ఉండకపోతే దస్తావేజు అబద్ధమన్నమాట."

"అప్పుడు నిజమేనండి."

"నిజమైతే ఇప్పుడు కూడా ఉండాలి కదా?"

ఆయన ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు.

"తూర్పు, యర్రంశెట్టి గంగరాజు గారి గేదెల పాక. సదరు గంగరాజు గారిని హాజరుపరచాలి."

"ఆయన పోయి నలభై ఏళ్ళయిందండి."

"పోయినట్టు దస్తావేజులో లేదే."

"రాసిన రోజుకి బతికున్నాడండి. పాలు కూడా పోశాడు."

"అయితే బతికున్నట్టు అగుపించవలెను. పడమర, పెంటకుప్ప. ఉత్తరం, బందెల దొడ్డి..." ఇక్కడ ఆగాడు. "ఇది ఎక్కడుంది?"

నేను నోరు తెరిచాను. శేషావతారం గారు బల్ల కింద నా కాలు తొక్కాడు. "కనుక్కుని వత్తామండి" అన్నాడు. నిరంజన్ గారు లేచి, కిటికీ పక్క గోడలో ఉన్న ఇనప కడియానికి తగిలించిన గొడుగు తీసుకుని భోజనానికి వెళ్ళాడు. ఆ కడియం వంక నేను చాలాసేపు చూశాను.

ఇంటికొచ్చి చెబితే వెంకన్న ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడి మొహం మాడిపోయింది. బిల్డరు కాగితానికీ ఇదే అడ్డు. సరిహద్దులు తేలితేగాని ఏ కాగితమూ ఎక్కదు.

"అయితే తేలుద్దాం అమ్మా" అన్నాడు మర్నాడు. "నాలుగు ఫోటోలూ ఎక్కితే చాలంట. గేదెల సంగతి నేను చూసుకుంటాను. ఖర్చు బిల్డరు పెట్టుకుంటానన్నాడు."

"నీ మంచితనం నాకు తెలుసు నాయనా" అన్నాను. మంగ కత్తెర పక్కన పెట్టి నా వంక అనుమానంగా చూసింది.

"ఏంటత్తా, ఆయనతో కలిసిపోయేవు?"

"గేదెలు ఆడు తెత్తాడు, సంతకం నేను పెడతాను. కుట్టుకో."

ఈలోపు ఊరంతా ఇదే రంధి పట్టుకుంది. పిల్ల పెళ్ళికి స్థలం అమ్మాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా పాత సరిహద్దులు కనపడాలి. అవి ఎక్కడుండేవో చెప్పేవాళ్ళెవరు? నా ఈడు వాళ్ళందరూ ఫోటోలయి గోడలెక్కారు. పొద్దున్నే మంగ మిషను పక్కన క్యూ కట్టేవారు.

"మామ్మగారండీ, మా దక్షిణం 'కుమ్మరి వాము' అని ఉందండి."

"మీ వాటర్ ట్యాంకు కింద తవ్వించు. కుండలు కాల్చింది అక్కడే, పెంకులు తగుల్తాయి."

దేవాలయ కమిటీ అధ్యక్షుడు పద్మనాభం గారు మాత్రం ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చారు. పంచె అంచు సర్దుకుని, దస్తావేజు నా చెవి దగ్గర చదివారు. వారి ఇంటికి తూర్పు: కల్లు పాక.

"ఇది పొరపాటున పడి ఉంటుంది కదా సూరాయమ్మా?"

"పొరపాటేముందండి. మీ నాన్నగారు అడ్డదారిన పోతే మూడే అడుగులని ఆ స్థలం కొన్నారు."

పాపం, ఆయన మూడు రోజులు ఆలోచించి, పూజగది కిటికీ కింద నాలుగు తాటాకులు పాతి, రెండు కుండలు పెట్టి ఫోటో తీయించుకున్నారు. పాక అన్నాక మనుషులుండాలని కంప్యూటరు తిరగగొట్టింది. కమిటీ సభ్యులే వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. మర్నాడు చెల్లింది గానీ, ఆ పాక మాత్రం ఇప్పటికీ తీయలేదు. తీద్దామంటే కోరం సరిపోవడం లేదట.

నా పేరు ఆఫీసు దాకా పాకి నాకొక తాఖీదు వచ్చింది. నన్ను "స్థానిక జ్ఞాపక నిపుణురాలు"గా గుర్తించుటకు ప్రభుత్వానికి అభ్యంతరము లేదట. జ్ఞాపకమునకు ఋజువుగా విద్యార్హత పత్రములు జతపరచవలెనట. నేను రెండో క్లాసు. అందులోనూ పరీక్ష నాడు జ్వరం. పంతులు గారి పేరు, ఆయన గొడుగు రంగు, ఆ రోజు ఇంట్లో వండిన బీరకాయ పచ్చడి అన్నీ చెబుతాను గానీ పత్రం ఎక్కడ తేను? ఆ ఉద్యోగం నాకు రాలేదు.

మా తూర్పు మొదలుపెట్టాం. దుర్గబాబు మంచి పిల్లాడు. సెల్‌ఫోన్లన్నీ లోపల సర్దుకుని, కొట్టు ముందు తాటాకు పందిరి వేయించాడు. వెంకన్న ఏటి అవతల లంక నుంచి పది గేదెలను తోలుకొచ్చాడు. వాటిలో ఒకటి కొట్టు అద్దంలో తన మొహం చూసుకుని కదలనంది. గంగరాజు గారి ఫోటో తెచ్చి గుంజకు కట్టారు.

"దండ తీసెయ్యరా" అన్నాను. "బతికున్నట్టు అగుపించాలన్నాడు గదా."

దండ తీశారు. బొట్టు తుడిచారు. దుర్గబాబు ఫోటోకి దణ్ణం పెట్టబోయి, బతికున్నవాళ్ళకి అలా పెట్టకూడదని గుర్తొచ్చి, "తాతా, బాగున్నావా" అన్నాడు. యాప్ చెప్పింది: గేదెల పాక, 94 శాతం. యజమాని: హాజరు. వైఖరి: ప్రశాంతం. ప్రశాంతం అన్నదొక్కటే అబద్ధం. గంగరాజు గారు బతికున్నన్నాళ్ళూ గేదె తోక ఊపినా తిట్టేవాడు.

దక్షిణానికి బండి కావలసి వచ్చింది. ఫంక్షన్ హాలు వాళ్ళు పెళ్ళి ఫోటోల కోసం పూలరంగులు వేసి పెట్టుకున్న బండి ఒకటుంటే అడిగి తెచ్చారు. సిమెంటు రోడ్డు మీద రెండు ట్రాక్టర్ల మట్టి పోయించాడు వెంకన్న. ఆ రోజంతా ఆటోలు, స్కూటర్లు, కాలేజీ బస్సు అన్నీ ఆగి, ఒక్క ఎడ్లబండి ముందుకీ వెనక్కీ తిరిగింది. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి రోడ్డు మీద మట్టి పోసినందుకు ఒక నోటీసు, మట్టి తీయబోయినందుకు ఒక నోటీసు ఇచ్చి వెళ్ళారు. 92 శాతం.

పడమరే కష్టమయింది. హైమావతి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పెంటకుప్పా? నా పార్లరు మెట్ల మీదా? ఇయ్యాల ఇద్దరు పెళ్ళికూతుళ్ళున్నారు మామ్మా!"

"అరగంటే తల్లీ. మీ తాత దాని మీదే బెండకాయలు కాయించి మీ నాన్నని చదివించాడు."

"ఆ సంగతి కస్టమర్ల ముందు అరవకు."

చివరకు ఒప్పుకుంది. ఆవిడ కూడా అత్తగారి ఇల్లు తన పేరున పెట్టించుకునే ప్రయత్నంలో ఉంది లెండి, ఆ ఇంటి సరిహద్దులు నా నోటి నుంచే రావాలి. రెండు బస్తాల పెంట దింపించి, దాని మీద సెంటు కొట్టించింది. కంప్యూటరు 61 అంది. ఇంకో నాలుగు బస్తాలు వేశాక 78. అప్పుడు శేషావతారం గారు ఆలోచించి, "కోడిని ఎక్కించండి" అన్నాడు. కోడి ఎక్కి కాలితో రెండుసార్లు గీరగానే 96. అదే సమయానికి లోపలి నుంచి ముస్తాబయిన పెళ్ళికూతురు తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆ పిల్ల ఫోటోలో అలా నిలిచిపోయింది. కుప్ప మీద కోడి, కోడి వెనక పెళ్ళికూతురు. ప్రభుత్వ రికార్డుల్లో అంత కళగల ఫోటో ఇంకొకటి లేదని అంటారు.

ఇక మిగిలింది ఉత్తరం.

"బందెల దొడ్డి ఆచూకీ దొరికిందా?" అన్నాడు నిరంజన్ గారు. చుట్టూ జనం. మా వెంకన్న ఒక పక్క, మంగ ఒక పక్క.

ఈసారి శేషావతారం గారు నా కాలు తొక్కలేదు. తనే తల దించుకున్నాడు.

"దొరికిందండి బాబూ. మీరు కూర్చున్నదేనండి."

ఆయన కుర్చీలోంచి లేచి కింద చూసుకున్నాడు. 

"ఇది రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వారి కార్యాలయం."

"ఎనభై మూడులో ఈ శాఖ వచ్చిందండి. అంతకుముందు దొడ్డి. గోడలు అయ్యే, పైన రేకులు మార్చి స్లాబు వేశారు. బయట మీరు క్రోటన్ మొక్కలు పెట్టుకున్న తొట్టి ఉంది చూడండి, అది కుడితి తొట్టి. మీరు గొడుగు తగిలించే కడియానికి మా మామగారి ఆంబోతుని రెండు రాత్రులు కట్టేశారు. వంకాయ తోటలో పడిందని."

అందరూ గొడుగు వైపు చూశారు. ఆయన వెళ్ళి దాన్ని తీసి చేత్తో పట్టుకున్నాడు. పెట్టడానికి ఇంకెక్కడా మేకు లేదు.

"అయినా నా కార్యాలయం బందెల దొడ్డిగా ఎలా అగుపించగలదు?"

"మా హైమావతి మెట్ల మీద పెంటకుప్ప అగుపించలేదాండి?" అంది మంగ. అది మాట్లాడటం అరుదు.

జనం గొల్లుమన్నారు. కానీ నిరంజన్ గారు నవ్వలేదు, కోప్పడలేదు కూడా. ఆయన నిజంగా నిబంధన నమ్మిన మనిషి. ఎదుటివాడికి చెప్పింది తనకు వర్తించదనే తెలివి ఆయనకు లేదు. అదొక్కటే నాకు ఆయనలో నచ్చింది. పైకి రాశాడు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఆ పన్నెండు రోజులూ నాకు దగ్గు పట్టుకుంది. వెంకన్న కాగితం పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుంటే, మంగ నా వేళ్ళను దుప్పటి లోపలికి తోసి దుప్పటి అంచు మంచానికి కుట్టేసినంత పని చేసింది.

జవాబు ఇది: "యథాతథ నిబంధనకు మినహాయింపులు లేవు. సదరు కార్యాలయము ఒక దినమునకు బందెల దొడ్డిగా అగుపించుటకు ఈ శాఖకు అభ్యంతరము లేదు. పశువులకు తాగునీటి వసతి కల్పించవలెను."

గురువారం ముహూర్తం పెట్టారు. బీరువాలు వెనక్కి జరిపారు. కంప్యూటర్ల మీద గోనెపట్టాలు కప్పారు. వెంకన్న పది గేదెలను వరసగా లోపలికి తోలాడు. ఒకటి స్టాంపుల కౌంటరు దగ్గర నిలబడి, మా దుర్గబాబు మాట, అక్కడ మనుషులు నిలబడేంత సేపే నిలబడింది. నిరంజన్ గారు బల్ల వెనక నుంచి కదల్లేదు. పదవిలో ఉన్న అధికారి ఫోటో సమయంలో తన స్థానంలో ఉండవలెనని ఇంకో నిబంధన ఉందట. గొడుగు చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

గుమాస్తా ఫోటో తీశాడు. యాప్ చెప్పింది: బందెల దొడ్డి, 97 శాతం. పశువులు: పదకొండు.

గుమాస్తా మళ్ళీ లెక్కపెట్టాడు. గేదెలు పదే. ఆయన మెల్లగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. ప్రభుత్వ లెక్క, మనం దిద్దకూడదు.

"హమ్మయ్య" అన్నాడు వెంకన్న, చేతిలో పది పలుపులతో. "సార్, నాలుగు దిక్కులూ తేలినట్టేగా? మా బిల్డరుగారు బయటున్నారు, కాగితం..."

"ఇప్పుడు కాదు" అన్నాడు నిరంజన్ గారు. "ఈ దినమునకు ఇది బందెల దొడ్డి. దొడ్డియందు దస్తావేజులు రిజిస్టరు చేయరాదు. అలాగే దొడ్డిలో ప్రవేశించిన పశువులను యాజమాన్య ఋజువు లేనిదే వదలరాదు. మీ గేదెల లింకు డాక్యుమెంట్లు ఏవి?"

"అద్దెకు తెచ్చానండి!"

"అయితే అసలు యజమాని వచ్చేవరకు తోలుకొచ్చినవారే పట్టుకుని ఉండవలెను."

యజమాని లంకలో ఉన్నాడు. పడవ సాయంత్రానికి గాని లేదు.

అప్పుడు శేషావతారం గారు దగ్గాడు. నలభై ఏళ్ళుగా ఆ ఆఫీసు గుమ్మంలో దస్తావేజులు రాసిన దగ్గు అది. "ఎనభై ఏళ్ళ ముసలావిడ, దగ్గుతో మంచాన ఉన్నారండి. అలాంటోళ్ళ కోసం రిజిస్ట్రారు గారు ఇంటికే వచ్చి రిజిస్ట్రీ చెయ్యొచ్చని చట్టంలోనే ఉందండి. దరఖాస్తు రాసే ఉంచానండి. ఇల్లు కూడా ఎంతో దూరం లేదండి."

గోడ ఇవతల మంచం మీంచి నేను వెంటనే దగ్గాను. అది నిజం దగ్గే, కాస్త గట్టిగా.

నిరంజన్ గారు దరఖాస్తు రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. పుస్తకం, సీలు, వేలిముద్రల మిషను పట్టుకుని, గేదెల మధ్య నుంచి దారి చేసుకుని, మా అరుగెక్కాడు. మంగ నన్ను తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, జాకెట్టు ముక్కలు తీసేసి మిషను బల్ల తుడిచింది. ఆయన దాని ముందు కూర్చున్నాడు. కాలు అనుకోకుండా తొక్కుడు బల్ల మీద పడి, సీలు వేసినప్పుడల్లా సూది ఒకసారి కిందికీ పైకీ ఆడింది.

"మీరు ఎవరి బలవంతం లేకుండా, స్వబుద్ధితో రాసి ఇస్తున్నారా?"

"నాకు వేరే బుద్ధి లేదండి బాబూ."

గోడ అవతల నుంచి వెంకన్న కేక. "అమ్మా! నే వచ్చేదాకా సంతకం పెట్టకు!"

"నువ్వు గేదెల్ని వదలకు నాయనా, జుల్మానా పడద్ది!" అని నేనూ కేకేశాను.

మా అత్తగారు 1964లో వేలిముద్ర వేసింది. నాకు మాత్రం రెండు నెలలు నేలమీద బొగ్గుతో దిద్దించి సంతకం నేర్పింది. వేలు ఎవరైనా పట్టుకుని వేయించగలరు, సంతకం వంకరలు మనకే వస్తాయని చెప్పేది. కడలి సూరాయమ్మ అని పెట్టాను. మంగ కూడా పెట్టింది. సరిగ్గా గీత మీదే పడింది. కుట్టేవాళ్ళ చెయ్యి కదా. దుర్గబాబు, హైమావతి సాక్షులు. ఇల్లు మంగదయింది.

వెంకన్న చీకటి పడ్డాక వచ్చాడు. ఒళ్ళంతా పేడ. నా మీదా, మంగ మీదా అరవడానికి కూడా ఓపిక లేక అరుగు మీద కూలబడ్డాడు. లంక ఆసామీ జాలిపడి ఇచ్చాడని చేతిలో ఒక సంచి. అందులో వంకాయలు.

నేను నవ్వకుండా ఉండలేకపోయాను. మంగకి ఎందుకో తెలియదు. తర్వాత చెప్పాను.

ఈ కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ కంప్యూటరు మాట మీద నిలబడే మనిషిలాంటిది. ఒకసారి బందెల దొడ్డి అని ఒప్పుకున్నాక మళ్ళీ ఆఫీసని ఒప్పుకోలేదు. మార్చాలంటే ఆఫీసు స్థలానికి లింకు డాక్యుమెంటు కావాలట, అది చూస్తే అందులోనూ బందెల దొడ్డే ఉందట. శాఖ వారి ఉత్తరాలు "ఇన్‌ఛార్జి, బందెల దొడ్డి, బొబ్బర్లపాలెం" అని రావడం మొదలయ్యాయి. ఊరి మీద తిరిగే ఆవులను జనం తెచ్చి అప్పగించి రసీదు అడుగుతున్నారు. నిరంజన్ గారు రసీదు ఇస్తున్నాడు. ఇవ్వకూడదని నిబంధన లేదు మరి.

రిజిస్ట్రేషన్లు మా అరుగు మీద జరుగుతున్నాయి. ఒక పక్క దస్తావేజు, ఒక పక్క జాకెట్టు. మంగకి బేరం పెరిగింది. వచ్చినవాళ్ళు ఖాళీగా కూర్చోలేక కొలతలు ఇచ్చి పోతున్నారు.

అయితే ఒకటి చెప్పాను మంగకి. ఒకరి స్థలంలో ఇంకొకరు పన్నెండేళ్ళు, అడ్డు చెప్పేవాళ్ళు లేకుండా, అందరికీ తెలిసేలా కూర్చుంటే అది వాళ్ళదే అని దావా వేయొచ్చట. దాన్ని ప్రతికూల స్వాధీనం అంటారని శేషావతారం గారు చెప్పాడు. అందుకని సాయంత్రం ఆరు కాగానే మంగ టేపు మెళ్ళో వేసుకుని లేచి నిలబడుతుంది.

"లేవండి సార్. అడ్డు చెబుతున్నాను."

ఆయన పాపం లేస్తాడు. "అభ్యంతరము నమోదు చేసుకున్నాను" అని పుస్తకంలో రాసుకుంటాడు, తేదీ వేసి.

మొన్న మంగ సీలు ఆరిన దస్తావేజు నాకు చదివి వినిపించింది. చెక్కుబందీ దగ్గర ఆగింది. యథాతథం కాబట్టి మళ్ళీ అవే నాలుగూ ఉన్నాయి. గేదెల పాక, పుంత, పెంటకుప్ప, బందెల దొడ్డి.

"అత్తా, నీ మనవడికి పెళ్ళయి కోడలొచ్చాక నేను దానికి రాయాలి కదా. అప్పటికివన్నీ ఎక్కడినుంచి తెమ్మంటావు?"

వాడింకా పదో క్లాసు. అయినా దాని ముందుచూపుకి నాకు ముచ్చటేసింది.

"గేదెల్ని ఆడే తెత్తాడు, ఆ వంశం అలాంటిదే" అన్నాను. "కుప్ప మీదకి కోడి మర్చిపోకు. గంగరాజు గారి దండ తియ్యి. అవతల గోడకి ఎవరొచ్చి ఏ రంగు వేసినా వెయ్యనీ, ఎవరు గొడుగు తగిలించుకున్నా తగిలించుకోనీ. ఆ ఇనప కడియం మాత్రం పీకనివ్వకు. మన ఉత్తరం అదే."